20డబ్ల్యూ-50 పోసినా ఆరని ఎర్రలైటు: ఒక పాత పెట్రోల్ కారు కేస్ స్టడీ

బండి 1986 మోడల్. ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, కార్బ్యురేటర్, పుష్‌రాడ్లు, వాల్వులను తెరిపించే కామ్ మీద నేరుగా రాసుకునే ఫ్లాట్ ట్యాపెట్లు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, టర్బో లేదు. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. కొన్నప్పటి నుంచి బండి ఆయన చేతిలోనే ఉంది.

నా దగ్గరికి తెచ్చినప్పుడు ఫిర్యాదులు రెండు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఎక్కడైనా ఆగితే, ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్ల పాటు పైన వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర టకటక చప్పుడు.

అప్పటికే ఆయిల్ మీద చాలా ప్రయోగాలు జరిగాయి. ఏళ్ల తరబడి మినరల్ 20డబ్ల్యూ-50 పోశారు (డబ్ల్యూ తర్వాతి అంకె ఎంత పెద్దదైతే వేడి మీద ఆయిల్ అంత చిక్కన). తర్వాత ఎవరో "ఇదే లేటెస్టు, ఇంజిన్ కొత్తదైపోతుంది" అని ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోశారు. కొన్ని వారాలకే ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ దగ్గర చెమ్మ మొదలైంది, లైటు వెలగడమూ మొదలైంది. భయపడి మళ్లీ 20డబ్ల్యూ-50కి వస్తే లైటు తగ్గింది కానీ పోలేదు. ఆపైన ఆయిల్‌ను చిక్కబరిచే సీసా మందు ఒకటి కలిపారు. దాంతో కొన్నాళ్లు ఆరిన లైటు మళ్లీ మొదటికొచ్చింది.

"ఏం బాబూ, ఇక 60 పోసేస్తే పోలా?" అన్నారు మాస్టారు.

"పోద్దాం మాస్టారూ. ముందు ఇప్పుడున్న ఆయిల్ ఏమైపోతోందో చూద్దాం" అన్నాను.

ఈ కేసంతా ఆ మాట మీదే నడిచింది. ఇంజిన్‌లో ఉన్న ఆయిల్‌కు ఏం జరుగుతోందో తేలకుండా కొత్త గ్రేడు గురించి మాట్లాడుకోవడం దండగ.

నోట్‌బుక్‌లో దొరికిన ఆధారం

మాస్టారు బండికి చేయించిన ప్రతి పనినీ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటారు. పాత పేజీల్లో రెండు ఆయిల్ మార్పుల మధ్య "అర లీటరు కలిపితిని" అన్న రాతలు క్రమం తప్పకుండా కనిపించాయి. ఆ వయసు ఇంజిన్ కొంచెం ఆయిల్ తాగడం మామూలే. అయితే 5డబ్ల్యూ-30 పోయడానికి కొన్ని నెలల ముందు నుంచే ఆ రాతలు ఆగిపోయాయి. "ఇప్పుడు చుక్క కూడా తాగడం లేదు" అని ఆయన సంతోషంగా చెప్పారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. పాత ఇంజిన్ ఎవరూ ముట్టుకోకుండానే ఆయిల్ తాగడం మానేసిందంటే, తాగినంత మేరా ఇంకేదో వచ్చి నింపుతోందన్నమాట.

డిప్‌స్టిక్ తీసి చూశాను. మట్టం పై గీతను దాటి బాగా పైకి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే, సీసా మందు కలిపిన 50 గ్రేడు ఆయిల్‌కు ఉండాల్సిన జిగట లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన గుప్పుమంది. వేడి ఆయిల్ ఒక చుక్క అద్దుడు కాగితం మీద వేసి పక్కన పెట్టాను. కాసేపటికి మధ్యలో ముదురు మచ్చ, దాని చుట్టూ దాదాపు రంగు లేని వెడల్పాటి వలయం పాకింది. ఆ బయటి వలయం పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో తరచుగా కనిపిస్తుంది. ఇది పాతకాలపు పరీక్ష, కచ్చితమైన అంకెలేవీ ఇవ్వదు. కాకపోతే తర్వాత ఎటు వెతకాలో చెబుతుంది.

ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపి, ఈలోగా ప్రెషర్ స్విచ్ విప్పి ఆ చోట మెకానికల్ గేజ్ బిగించాను. డ్యాష్‌బోర్డు లైటును నమ్ముకుని ఆయిల్ నిర్ణయం చేయకూడదు. ఆ స్విచ్ మామూలుగా 5 పీఎస్ఐ ప్రాంతంలో పనిచేస్తుంది. అంతకు పైన ప్రెషర్ 8 ఉందో 30 ఉందో దానికి పట్టదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 800 ఆర్పీఎం దగ్గర గేజ్ 5, 3000 దగ్గర 24 చూపించింది. ఈ బండి మాన్యువల్ ప్రకారం వేడి మీద ఐడిలింగ్‌లో కనీసం 10, 3000 దగ్గర 40కి పైన ఉండాలి. కాబట్టి లైటు నిజమే చెబుతోంది.

కంప్రెషన్ కూడా చూశాను. నాలుగు సిలిండర్లూ 140 నుంచి 150 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి చూసినా అంకె పెద్దగా పెరగలేదంటే పిస్టన్ రింగులు బాగానే ఉన్నట్టు. "ఇంజిన్ అయిపోయింది, బోరు చేయించాల్సిందే" అని అంతకుముందు ఎవరో ఇచ్చిన తీర్పు అక్కడితో కొట్టుకుపోయింది.

పెట్రోల్ ఎక్కడి నుంచి?

కార్బ్యురేటర్ బండిలో పెట్రోల్ ఆయిల్ చాంబర్‌లోకి చేరే దారులు నాలుగైదే. చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, కార్బ్యురేటర్ ఫ్లోట్ దగ్గర పొంగిపోవడం, ఒక ప్లగ్ కొట్టకపోవడం, వీటన్నిటికంటే తేలిగ్గా కంటికి ఆనకుండా పోయేది ఫ్యూయల్ పంప్. ఈ బండికి బ్లాక్ పక్కన బిగించిన మెకానికల్ పంప్ ఉంది. కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు దాని లీవర్‌ను ఆడిస్తుంది. లోపలి రబ్బరు డయాఫ్రమ్‌కు ఒకవైపు పెట్రోల్, మరోవైపు ఇంజిన్ లోపలి భాగం ఉంటాయి. అది చిట్లితే పెట్రోల్ లీవర్ పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. బయట ఒక్క చుక్క కారదు, బండి ఆగిపోదు, పికప్ తగ్గినట్టూ తెలియదు.

ప్లగ్గులు నాలుగూ నల్లటి మసి లేకుండా ఒకే రంగులో ఉన్నాయి కాబట్టి చోక్, ఫ్లోట్, ప్లగ్గుల మీద అనుమానం తగ్గింది. బ్యాటరీ వైరు తీసేసి, మంట ఆర్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, పంపును బ్లాక్ నుంచి విప్పాను. పైపులు అలాగే ఉంచి లీవర్‌ను చేత్తో ఆడించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత లీవర్ ఇరుసు దగ్గర తడి మెరిసింది, అది చుక్కగా సాగి కిందికి రాలింది. విప్పి చూస్తే డయాఫ్రమ్ అంచున గోరంత చీలిక, చుట్టూ రబ్బరు గట్టిపడి బీటలు వారి ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన పాత రబ్బరుకు ఈ గతి పట్టడం అరుదేమీ కాదు. పాత బండికి పంప్ కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు అవునా కాదా అని అడగాలి.

ల్యాబ్ రిపోర్టు దీన్నే అంకెల్లో చెప్పింది. పెట్రోల్ 7 శాతానికి పైన. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 11.2 సెంటీస్టోక్స్. ఆయిల్ గ్రేడుల హద్దులు నిర్ణయించే ఎస్ఏఈ లెక్కలో 50 గ్రేడు ఆయిల్ 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. 9.3 నుంచి 12.5 లోపు ఉంటే అది 30 గ్రేడు. అంటే డబ్బా మీద 50 రాసి ఉన్నా, పైన చిక్కబరిచే మందు కలిపినా, చాంబర్‌లో తిరుగుతున్నది 30. అదీ పెట్రోల్ వల్ల పలచబడిన 30. సోడియం, పొటాషియం కనిపించలేదు, అంటే కూలెంట్ కలవడం లేదు. దుమ్ముకు గుర్తైన సిలికాన్ తక్కువే, ఎయిర్ ఫిల్టర్ పని చేస్తోంది. ఇనుము కొంచెం ఎక్కువగా ఉంది, కామ్, ట్యాపెట్లు, సిలిండర్ గోడలు మామూలు కంటే ఎక్కువ అరుగుతున్నాయని అర్థం. సీసం, రాగి కంగారు పెట్టేంత లేవు కాబట్టి బేరింగులు ఇంకా బతికే ఉన్నాయి.

సీసా మందు కొన్నాళ్లే ఎందుకు పని చేసిందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి మందుల్లో ఎక్కువ భాగం పొడవాటి పాలిమర్ గొలుసులు. బేరింగుల్లో, ట్యాపెట్ల కింద నలిగేకొద్దీ అవి తెగిపోతాయి. ఒకపక్క అవి తెగుతుంటే మరోపక్క పెట్రోల్ చేరుతూనే ఉంది. లైటు ఆరిన ఆ కొన్ని వారాలూ పంప్ కారుతూనే ఉంది, చూసేవాళ్లకు మాత్రం రోగం కుదిరినట్టు కనిపించింది. ఇలాంటి మందుల మీద నాకున్న కోపం ఇదే.

పంపుతో పాటు దొరికినవి

వాల్వ్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే బ్రీదర్ గొట్టం సగానికి పైగా జిడ్డుతో పూడుకుపోయింది. ఆయిల్ మూత కింద తెల్లటి వెన్నలాంటి పొర. బండి ఎక్కువగా దగ్గరి దూరాలే తిరుగుతుంది. ఇంజిన్ సరిగా వేడెక్కేలోపే ఆపేస్తే లోపల చేరిన నీటి ఆవిరి బయటికి పోదు, గొట్టం కూడా మూసుకుపోతే ఇక దానికి దారే లేదు. గొట్టం మార్చాం.

పొద్దున చప్పుడుకు ఆయిల్ కంటే ఎక్కువ బాధ్యత ఫిల్టర్‌ది. ఈ ఇంజిన్‌లో ఫిల్టర్ పక్కకు పడుకుని ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా లోపల ఒక రబ్బరు వాల్వ్ కాపలా కాస్తుంది. పాత ఫిల్టర్ కోసి చూస్తే ఆ రబ్బరు గట్టిపడి అట్టముక్కలా ఉంది. రాత్రంతా ఫిల్టర్ ఖాళీ అవుతుంది, పొద్దున్నే ఆయిల్ పంప్ ముందు ఫిల్టర్‌ను నింపి ఆ తర్వాతే పైకి పంపాలి. ఫిల్టర్ కాగితం మడతల్లో మాత్రం బేరింగ్ మెరుపు పొట్టు కనిపించలేదు. నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది అదే.

గట్టి ఫ్లష్ మందులు వాడలేదు. మూలల్లో ఏళ్ల తరబడి అంటుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే చాంబర్ అడుగున ఉన్న జల్లెడకు అడ్డం పడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. కొత్త ఫ్యూయల్ పంప్, కొత్త ఫిల్టర్, మామూలు 20డబ్ల్యూ-50 పోసి కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి వేడి మీదే దింపేశాం. ఆ దింపుడుతోనే చాలా మురికి పోయింది, పెట్రోల్ వాసనా లేదు. దింపే ముందు గేజ్ చూస్తే వేడి మీద ఐడిలింగ్‌లో 21, 3000 దగ్గర 55. పొద్దున చప్పుడు ఒకటి రెండు సెకన్లకు తగ్గింది.

అదే గ్రేడు, అదే ఇంజిన్. మొదట 5, ఇప్పుడు 21.

ఇక ఏ ఆయిల్?

ఇంత జరిగాక గానీ అసలు ప్రశ్న అడగడానికి వీలు పడలేదు. మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 మూడూ ఒప్పుకున్నారు, నాణ్యత ఏపీఐ ఎస్ఎఫ్ (పెట్రోల్ ఇంజిన్ ఆయిళ్లకు ఏపీఐ ఇచ్చే రేటింగు, రెండో అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం). పాత బండి అనగానే 20డబ్ల్యూ-50 తప్ప వేరేది పోయకూడదనే వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ముందు మాన్యువల్‌లో ఆ పట్టిక చూడాలి.

5డబ్ల్యూ-30ని పక్కన పెట్టాను, కానీ సింథటిక్ కాబట్టి కాదు. సింథటిక్ సీళ్లను తినేస్తుందన్న భయం పాతది. తొలినాళ్లలో కొన్ని సింథటిక్ ఆయిళ్లతో సీళ్లు ముడుచుకుపోయిన మాట నిజమే, ఇప్పటి ఆయిళ్లలో దానికి తగ్గ సర్దుబాటు చేసి ఉంటారు. మాస్టారి బండిలో వెనక సీల్ గట్టిపడింది ఏళ్ల కిందట. పలచటి ఆయిల్ ఆ సందులోంచి బయటపడింది, అంతే. ఇక ఆ లైటు నింద 5డబ్ల్యూ-30 మీద పూర్తిగా వేయలేం. టాపప్ రాతలు ఆగిన తేదీని బట్టి పంప్ అప్పటికే కారుతోంది.

దాన్ని వద్దనడానికి అసలు కారణాలు రెండు. ఒకటి, హెచ్‌టీహెచ్‌ఎస్. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ సందులో నలిగేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే కొలత ఇది. ఎస్ఏఈ జె300 ప్రమాణంలో 30 గ్రేడుకు కనీసం 2.9 చాలు. 15డబ్ల్యూ-40కి 3.7 ఉండాలి. చిక్కటి ఆయిల్ కోసం వదిలిన బేరింగ్ సందులున్న ఈ ఇంజిన్‌కు ఆ తేడా ముఖ్యం.

రెండోది ఫాస్ఫరస్. ఫ్లాట్ ట్యాపెట్ కామ్ మీద దొర్లదు, నొక్కుకుంటూ జారుతుంది. ఆ చోట ఆయిల్ పొర తెగినప్పుడు లోహాన్ని కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింకు, ఫాస్ఫరస్ మందు. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎమ్ నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి మించనివ్వరు. చాలామంది దీన్నే చూసి "కొత్త ఆయిళ్లన్నీ పాత కామ్‌లను తినేస్తాయి" అని టెన్షన్ పడతారు. అంత లేదు. ఆ గరిష్ఠ హద్దు పెట్టింది ఆ పలచటి గ్రేడులకే. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు ఏపీఐ పెట్రోల్ ప్రమాణాల్లో ఆ హద్దు లేదు. నిజంగా భయపడాల్సింది కొత్త కామ్ వేసి అలవాటు పడే మొదటి గంటల్లో, లేదా గట్టి స్ప్రింగులు వేసిన రేసు ఇంజిన్లలో. ఏళ్లు తిరిగి నునుపెక్కిన మామూలు కామ్‌కు 0.10 నుంచి 0.12 శాతం ఫాస్ఫరస్ ఉన్న ఆయిల్ బాగా సరిపోతుంది. ఆ అంకె డబ్బా మీద ఉండదు, కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో వెతకాలి. విడిగా జింకు సీసాలు కొని కలపడం నేను ఒప్పుకోను. మోతాదు మించితే ఆ మందే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

మిగిలింది 15డబ్ల్యూ-40 కావాలా, 20డబ్ల్యూ-50 కావాలా అన్నది. 15డబ్ల్యూ-40 పోసి అదే వేడి మీద మళ్లీ కొలిచాం. ఐడిలింగ్‌లో 17, 3000 దగ్గర 49. మాన్యువల్ అడిగిన దానికంటే రెండూ ఎక్కువే. పొద్దున చప్పుడు పూర్తిగా పోయింది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ప్రవర్తనకు సంబంధించింది. చలిలో ఇంజిన్ తిరిగే పరీక్ష 20డబ్ల్యూకి మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూకి మైనస్ 20 దగ్గర చేస్తారు. ఈ బండి నిలబడే చోట పొద్దున్నే 12 డిగ్రీల కంటే తగ్గదు, కాబట్టి రెండింటితోనూ స్టార్ట్ అవుతుంది. తేడా అంతా ఆయిల్ రాకర్ల దాకా చేరే తొలి క్షణాల్లోనే. దగ్గరి దూరాలు తిరుగుతూ రోజుకు పలుమార్లు స్టార్ట్ అయ్యే బండికి ఆ క్షణాలు లెక్కలోకి వస్తాయి.

మాస్టారికి మాత్రం 50 నుంచి 40కి దిగడం మింగుడుపడలేదు.

"వయసు పెరిగే కొద్దీ చిక్కటిది పోయాలి కదా బాబూ?"

"అరిగితే పోయాలి మాస్టారూ. ఇది అరగలేదని గేజే చెబుతోంది" అని, జె300 పట్టిక ఆయన ముందు పెట్టాను. 150 డిగ్రీల దగ్గర 15డబ్ల్యూ-40కీ, 20డబ్ల్యూ-50కీ కనీస హద్దు ఒకటే, 3.7. లెక్కల మాస్టారు కదా, ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక ఇంకేమీ అడగలేదు.

చివరికి పోసింది మినరల్ 15డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్ఎల్, డేటా షీట్ ప్రకారం ఫాస్ఫరస్ 0.11 శాతం. డీజిల్ ఇంజిన్లకు చేసిన 15డబ్ల్యూ-40 కూడా ఆలోచించాను. సీకే-4 లాంటి డీజిల్ రేటింగులు ఉన్న వాటిలో ఫాస్ఫరస్ 0.12 దాకా ఉండొచ్చు, డబ్బా మీద పెట్రోల్ రేటింగ్ కూడా ఉంటే పోయొచ్చు. కానీ వాటిలో కడిగే మందు ఎక్కువ, లోపల ఇంకా కొంత మడ్డి మిగిలి ఉంది, అందుకే ఈ విడతకు వద్దనుకున్నాను. ఇదే బండికి కన్వర్టర్ ఉన్నా, రోలర్ ట్యాపెట్లు ఉన్నా నా లెక్క మారేది.

తర్వాత

మార్పు గడువు 5,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఈ బండికి ఏడాదే ముందొస్తుంది. తక్కువ తిరిగింది కదా అని ఆయిల్‌ను రెండేళ్లు ఉంచితే దానిలో చేరిన తేమ, ఆమ్లాలు ఎక్కడికీ పోవు.

రెండు నెలలు తిరగకుండానే మాస్టారు కంగారుగా ఫోన్ చేశారు. "ఆయిల్ తగ్గిపోతోంది బాబూ, 40 పోసినందుకే." డిప్‌స్టిక్ చూస్తే వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు చొప్పున తగ్గింది. ఆయన పాత నోట్‌బుక్‌లోని అర లీటరు రాతలే తీసి చూపించాను. బండి ఎప్పుడూ తాగేది అంతే. మధ్యలో ఆ ఖాళీని పెట్రోల్ నింపింది. వేగంగా దిగే వాలులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనక నీలిపొగ వస్తోందంటే వాల్వ్ స్టెమ్ సీళ్లు గట్టిపడ్డాయి. హెడ్ విప్పే పని పడినప్పుడు అవి మారుద్దాం అన్నాను. దాని కోసమని ఆయిల్ చిక్కబరచనవసరం లేదు.

ఏడాది తర్వాత దింపిన ఆయిల్ ల్యాబ్‌కు పంపితే చిక్కదనం 13.6 వచ్చింది, అంటే 40 గ్రేడు హద్దులోనే ఉంది. పెట్రోల్ 1 శాతం లోపు. ఇనుము మొదటిసారి కంటే సగానికి తగ్గింది. వెనక సీల్ దగ్గర చెమ్మ అలాగే ఉంది, నేలమీద చుక్క పడటం లేదు కాబట్టి గేర్‌బాక్స్ దింపే పని పెట్టుకోలేదు. స్విచ్ ఉండే చోటే గేజ్ కూడా శాశ్వతంగా ఉండేలా ఒక టీ జాయింట్ వేసి, డ్యాష్‌బోర్డు కింద చిన్న ప్రెషర్ మీటరు బిగించాం. వేడి మీద ఐడిలింగ్‌లో అది 12 కంటే తగ్గితే బండి తీసుకురమ్మన్నాను. అప్పుడు మొదట డిప్‌స్టిక్ వాసన చూస్తాం, తర్వాత చాంబర్ దింపి బేరింగులు కొలుస్తాం. 50 గ్రేడు డబ్బా ఆ రెండింటి తర్వాతే.